ఖాళీగా ఉన్న నెలల లెక్క

ప్రశ్న: అక్కా, మాది కర్నూలులో కల్లూరు. మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. వచ్చే మార్చి నెలాఖరుకు రిటైరవుతారు. పీఎఫ్, గ్రాట్యుటీ, లీవుల డబ్బు అన్నీ కలిపి 40 లక్షల దాకా చేతికొస్తాయి. పెన్షన్ మాత్రం పీఎఫ్ వాళ్ల పెన్షన్ పథకం ఈపీఎస్ కింద నెలకు 4,800 వస్తుందని లెక్క చెప్పినారు. మూడు సెంట్లలో సొంతిల్లుంది, పైన ఏమీ కట్టలేదు. అప్పుల్లేవు. మందులతో కలిపి ఇంటి ఖర్చు నెలకు 18 వేలు. కూతురి పెళ్లి చేసినాం. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం, ఇంకా పెళ్లి కాలేదు.

మా మరిది ఒక బిల్డింగ్ చూపించినాడు. పాతబస్తీ వైపు, హంద్రీ నదికి దగ్గర. కింద రెండు, పైన రెండు, నాలుగు పోర్షన్లు. ఒక్కోదానికి 6,500 చొప్పున నెలకు 26 వేలు బాడుగ వస్తుందట. 60 లక్షలు అడుగుతున్నారు. రిజిస్ట్రేషన్‌కు ఇంకో నాలుగున్నర లక్షలు. మా దగ్గరున్నదంతా పెట్టి, కొడుకు పేరు మీద 25 లక్షలు లోను తీసుకుంటే నెలకు కంతు 24,600 చిల్లర. "బాడుగే కంతు కట్టేస్తుంది వదినా, పదిహేనేండ్లకు బిల్డింగ్ మీదైపోతుంది" అంటాడు మరిది.

మా ఆయనకు బాగా నచ్చింది. ఆయనకు ధైర్యం ఎక్కువ, నాకు భయం ఎక్కువ. ఆరేండ్ల కింద ఒక చీటీ మునిగి 80 వేలు పోతే ఆయన ఆర్నెల్లు సరిగా అన్నం తినలేదు. అప్పుడు నేనే గాజులు కుదువ పెట్టి, రెండేండ్లు చీరలకు ఫాల్స్ కుట్టి సర్దుకొచ్చినాను. అది వేరే సంగతి. బ్యాంకులో డబ్బు కనపడదు, ఇల్లయితే కండ్ల ముందుంటుంది అంటారు ఆయన. ధైర్యంగా ఉన్న ఆయన మాట వినాలా, భయపడే నా మాట వినాలా?

– ఒక సోదరి, కల్లూరు, కర్నూలు

జవాబు: చెల్లీ, మీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. మూడుసార్లూ ఒక్కచోటే ఆగిపోయినాను. "అది వేరే సంగతి" అని రాసి దాటిపోయినారు చూడండి, అక్కడ. అది వేరే సంగతి కాదమ్మా. మీరడిగినదానికి సగం జవాబు అందులోనే ఉంది.

నేను బ్యాంకులో 31 ఏండ్లు పనిచేసినాను, అందులో చాలాకాలం లోన్ల సీటులోనే. 2007లో మా బ్రాంచిలో షేర్ మార్కెట్లో డబ్బు పెట్టే మ్యూచువల్ ఫండ్లు కూడా అమ్మేవాళ్లం. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉండేది: నష్టం ఎంతవరకు ఓర్చుకోగలరు, తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని. మగవాళ్లు చాలామంది తల కూడా ఎత్తకుండా "ఎక్కువ" దగ్గర టిక్కు పెట్టేవాళ్లు. 2008 జనవరిలో 21 వేలు దాటిన షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఆ అక్టోబరుకు 8 వేల దరిదాపులకు పడిపోయింది. అప్పుడు నా బల్ల ముందుకు పరుగెత్తుకొచ్చి, ఎంతొస్తే అంత ఇచ్చేయమన్న మొదటి పదిమందిలో ఏడుగురు ఆ "ఎక్కువ" వాళ్లే. పాపం, వాళ్లు అబద్ధం రాయలేదు. పోకముందు ఎవరికైనా ధైర్యం ఉంటుంది. పోయినాక ఎట్లుంటారో వాళ్లకే తెలియదు.

మీ ఆయనకు తెలుసు, మీకూ తెలుసు. 80 వేలు పోతే ఆర్నెల్లు అన్నం సయించని మనిషి 40 లక్షలు ఒకేచోట పెట్టి, పైన 25 లక్షలు అప్పు చేసి, ఒక పోర్షను మూడు నెలలు ఖాళీగా ఉంటే ఎట్లా పడుకుంటారు? ఆయన్ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ముప్పై ఏండ్లు గ్రీజులో చేతులు పెట్టి సంపాదించిన డబ్బు, దానిమీద ప్రాణం ఉంటుంది. కానీ మీ ఇంట్లో దెబ్బ తగిలినప్పుడు నిలబడింది ఎవరు? గాజులు కుదువ పెట్టింది, ఫాల్స్ కుట్టింది మీరే. నష్టం తట్టుకునే శక్తి మీ ఇద్దరిలో ఎవరికి ఎక్కువంటే, భయపడుతున్నా అంటున్న మీకే. ఆ భయం పిరికితనం కాదు, ఒకసారి లెక్క కట్టి చూసిన అనుభవం. కాబట్టి ఈ బిల్డింగ్ విషయంలో మీ మాటకే ఎక్కువ తూకం ఉండాలి.

మనసు ఓర్చుకోవడం ఒకటి, ఇల్లు ఓర్చుకోవడం ఇంకొకటి. ఈ రెండూ వేరని నాకు పుస్తకాల్లో తెలియలేదు, నీళ్లలో తెలిసింది.

మా నాయన కట్టిన ఇల్లు పాతబస్తీలోనే. రెండు పోర్షన్లు బాడుగకిచ్చినాం. ఒకదాంట్లో ఒక టైలరు, భార్య, ఇద్దరు పిల్లలు. రెండోదాంట్లో ఒక కాంపౌండరు కుటుంబం. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి, శుక్రవారం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగి ఊరి మీదికొచ్చినాయి. నేనప్పుడు ఆదోని బ్రాంచిలో ఉన్నాను. రెండు కుటుంబాలూ మిద్దె ఎక్కి బతికినారు. నీళ్లు తీసినాక నేను పోతే తలుపు లోపలికి తెరుచుకోలేదు, వెనకాల మోకాలెత్తు బురద. బియ్యం ఉబ్బి డబ్బా మూత ఎగిరిపోయి ఉంది. గోడకు స్విచ్‌బోర్డు మీద జానెడు ఎత్తున, గీత గీసినట్టు బురద చార. టైలరు ఏడవలేదు. దీపావళికి ఇయ్యాల్సిన జాకెట్ ముక్కలు, కొలతల చీటీ పిన్నుతో గుచ్చినవి, ఒక్కొక్కటే బోరింగు కింద కడిగి పిట్టగోడ మీద ఆరేస్తున్నాడు. చీటీల మీద సిరా అంతా కరిగిపోయింది. ఎవరి జాకెట్టు ఏదో గుడ్డ చూసి గుర్తుపట్టుకుంటున్నాడు. ఆయన్ను నేను బాడుగ ఏమని అడుగుతా?

ఐదు నెలలు బాడుగ లేదు. వైరింగు, తలుపులు, మోటారు, సున్నాలు కలిపి 1,35,000 ఖర్చయింది. నాకు జీతం వస్తుండె, తట్టుకున్నాను. ఎదురింటాయనకు మూడు పోర్షన్లు. ఆ బాడుగే ఆయనకు బువ్వ, పైన ఇంటి మీద లోను. మరుసటేడు అమ్ముకొని పోయినాడు, కొన్నవాడు చెప్పిన ధరకు. ధైర్యంలో ఆయన నాకంటే పది మెట్లు పైనుండేవాడు. వరద మా ఇద్దరికీ ఒకటే, ఇల్లు నాకు మిగిలింది, ఆయనకు మిగల్లేదు. తేడా ఎక్కడుందంటే, బాడుగ రాకపోయినా నా పొయ్యి వెలిగింది.

మా ఇంటి మెట్ల కింద ఒక మూర గోడకు ఇప్పటిదాకా రంగు వేయించలేదు. ఆ చార అట్లే ఉంది. ఇల్లు చూడ్డానికొచ్చిన వాళ్లకు ముందు అదే చూపిస్తాను. మీరు చూసిన బిల్డింగులో మెట్ల కింద వంగి చూసినారా? కరెంటు మీటరు బోర్డు మామూలు కంటే ఎత్తులో బిగించినారా? పక్కన పాత కిరాణా అంగడి ఉంటే, అంగట్లో పెద్దాయన్ను "2009లో నీళ్లు ఎంతవరకొచ్చినాయి" అని అడగండి. చెయ్యెత్తి చూపిస్తాడు. నాలుగు పోర్షన్ల బిల్డింగ్ ఆ ధరకు ఎందుకు దొరుకుతుందో బ్రోకరు చెప్పడు, ఆ గోడ చెబుతుంది. ఎవరైనా ఆ వైపు ఇల్లు కొంటే మాత్రం వరదకు కూడా వర్తించే ఇంటి బీమా చేయించుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ గృహ రక్ష' అని జనరల్ ఇన్సూరెన్సు కంపెనీల్లో ఒకే రకం పాలసీ ఉంది, అందులో వరద నష్టం కూడా వస్తుంది.

ఇంక మీ మరిది చెప్పిన లెక్క. "బాడుగే కంతు కట్టేస్తుంది" అనే మాట నా బల్ల ముందు కూర్చుని చెప్పినవాళ్లకు లెక్కలేదు. మీ మరిది మీ మేలు కోరే చెప్పుంటాడు. కానీ ఆయన లెక్కలో ఏడాదికి 12 నెలలూ నాలుగు పోర్షన్లూ నిండి ఉన్నాయి. నేను వేసే లెక్క చూడండి. నెలకు 26 వేలంటే ఏడాదికి 3,12,000. ఒక్కో పోర్షను ఏడాదిలో ఒక్క నెల ఖాళీ అనుకుందాం, 26 వేలు తీసేయండి. ఇంటి పన్ను, నీటి పన్ను 12 వేలు. మోటారు కాలడం, పైపు కారడం, ఖాళీ చేసిన ప్రతిసారీ సున్నం, సెప్టిక్ ట్యాంకు, వీటికి 30 వేలు. మిగిలేది 2,44,000. ఏడాది కంతులు 2,95,000 పైచిలుకు. అంటే ప్రతి నెలా 4,300 మీ చేతినుంచే పడుతుంది. మీకొచ్చే పెన్షన్ 4,800. ఇంట్లో మిగిలేది 500 రూపాయలు. 18 వేల సంసారం, 500 రూపాయలు. తక్కిన 17,500 నెలనెలా కొడుకును అడగాలి, లోను కూడా అతని పేరు మీదే.

ఇది ఏ వరదా రాని, ఎవరూ బాడుగ ఎగ్గొట్టని మంచి ఏడాది లెక్క.

వడ్డీ కూడా నిలకడగా ఉండదు. బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఇంటి లోన్లు ఇప్పుడు చాలావరకు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, వెనకాల నడిచేవే. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల, ఏడాది కూడా తిరక్కముందే, ఆ రేటు 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. మీ 25 లక్షలకు ఎనిమిదిన్నర వడ్డీ మీద 24,600 పడుతున్న కంతు, పదిన్నర అయితే 27,600 అవుతుంది. కంతు పెంచకపోతే బ్యాంకువాళ్లు నెలలు పెంచుతారు. తగ్గే రోజులు కూడా వస్తాయి, కాదనను. తగ్గేదాకా ఆగగలిగే డబ్బు మీ దగ్గర మిగలడం లేదు, నా బాధ అదే.

ఏడాదికి ఒక నెల ఖాళీ అన్నాను కదా, అది కూడా నేను మెత్తగా వేసిన లెక్కే. మన ఊర్లో బాడుగిండ్లు ఎట్లా నిండుతాయో మీరు చూస్తూనే ఉంటారు. బదిలీలైనా, పిల్లల బడులైనా ఎండాకాలమే. జ్యేష్ఠంలో ఎవరన్నా ఖాళీ చేసి, ఆషాఢం లోపల ఇంకొకరు దొరకలేదంటే, శ్రావణం దాకా తాళమే. ఆషాఢంలో పాలు పొంగించేవాళ్లుండరు. భాద్రపదంలో, పుష్యంలో కూడా ఇల్లు మారేది తక్కువ. దక్షిణం వాకిలి అని కొందరు గడప దగ్గర్నుంచే తిరిగిపోతారు. మే నెలలో ట్యాంకరు నీళ్లు కొనే ఇంటికి పేరు పడితే ఆ వీధిలో పనిమనిషి కూడా చెప్పేస్తుంది, "ఆ ఇంట్లో నీళ్లుండవమ్మా" అని. అందుకే బాడుగిల్లు కొనేవాళ్లు కార్తీకంలో పోయి చూడకూడదు, రోహిణి ఎండల్లో పోయి కొళాయి తిప్పాలి.

ఇంకోటి, ఖాళీ నెలలను మన చేతులతో మనమే పెంచుకుంటాం. కులం అడిగి, మతం అడిగి, మాంసం తింటారా అని అడిగి పంపించే ఇండ్లు నెలలకొద్దీ తాళాలతో ఉండడం నేను చూసినాను. నా ఇంట్లో ఆ టైలరు కుటుంబం 14 ఏండ్లుంది. వాళ్ల రంజాన్ ఖీరు మా ఇంటికి, మా ఉగాది బక్ష్యాలు వాళ్లింటికి. 14 ఏండ్లలో ఆ పోర్షను ఖాళీ అన్న మాట, ఆ వరద తప్ప, లేదు. బాడుగిల్లు నిలిచేది మంచి మనుషులు దొరికినప్పుడే, వాళ్లను తిప్పి పంపకుండా ఉన్నప్పుడే.

మెడికల్ కాలేజీ చుట్టుపక్కల రూములు కట్టినవాళ్లది ఇంకో కథ. 2020 మార్చి దాకా ఒక్కో మంచానికి ఇంత అని పిల్లలు నిండి ఉండేవాళ్లు. లాక్‌డౌన్ పెట్టినాక వారంలో పరుపులు చుట్టుకొని ఊర్లకు పోయినారు. నాకు తెలిసిన ఒకామె రెండంతస్తులు లోనుతో కట్టి, ఆ ఏడాదంతా కంతులకు బంగారం తాకట్టు పెట్టింది. ఒకే రకం మనుషుల మీద ఆధారపడిన ఇల్లు ఒకేసారి నిండుతుంది, ఒకేసారి ఖాళీ అవుతుంది.

మీ ఉత్తరంలో లేదు గానీ, ఈ మాట మీ మరిది అని ఉంటాడని నా అనుమానం: "రేపు హైకోర్టు వస్తే రేట్లు చూడు వదినా" అని. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట అసెంబ్లీలో వచ్చినప్పుడు, కర్నూలులో హైకోర్టు అనగానే, మా కొలీగు ఒకాయన ఓర్వకల్లు వైపు ప్లాట్లు కొన్నాడు, భార్య నగల మీద లోను తీసి. ఆ ప్లాట్లు అట్లనే ఉన్నాయి, వడ్డీ మాత్రం అట్లనే లేదు. ఈ ఊరికి ఆ ఆశ కొత్త కాదు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. ఆఫీసులకు చోటు చాలక డేరాలేసినారు, గుమస్తాలకు ఇండ్లు దొరకలేదు. మా జేజినాయన పశువుల కొట్టం గోడలకు సున్నం కొట్టించి ఇద్దరు గుమస్తాలకు బాడుగకిచ్చినాడట. ఆ బాడుగ చూసుకొని అప్పు తెచ్చి ఇంకో మూడు గదులు లేపినాడు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. మూడేండ్ల ఒక నెల. ఆ గదుల్లో మళ్లీ చాలాకాలం వేరుశనగ బస్తాలే ఉన్నాయని, అప్పు మాత్రం తాను ఉద్యోగంలో చేరినాక తీర్చినానని మా నాయన చెప్పేవాడు. ఊరికి ఏదన్నా వస్తే సంతోషమే. అది వస్తుందన్న ఆశ మీద కంతు కట్టొద్దు.

అయితే ఏం చేయాలి? మీ స్థానంలో నేనుంటే ఆ బిల్డింగ్ కొనను. 40 లక్షల్లో 30 లక్షలు మీ ఆయన పేరు మీద పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేస్తాను. 60 దాటినవాళ్లకు ఒక మనిషికి 30 లక్షలే గరిష్ఠం. ఇప్పుడు 8.2 శాతం ఇస్తున్నారు. మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది, నెలకు 20,500 పడినట్టు. కొత్తగా చేరేవాళ్లకు రేటు మారొచ్చు గానీ, చేరిన రోజు ఉన్న రేటు మీకు ఐదేండ్లూ మారదు. పెన్షన్‌తో కలిపితే నెలకు 25,300. మీ ఖర్చు 18 వేలు. కొడుకును అడిగే పని లేదు, బాడుగకున్నవాడు తలుపు తీస్తాడా లేదా అని ఒకటో తేదీ పొద్దున్నే పోయి నిలబడే పని లేదు.

మిగతా 10 లక్షల్లో 4 లక్షలు కదపొద్దు. అది ఆసుపత్రికి, అవసరానికి. ఒక్కో బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి అది ఏ బ్యాంకులో ఉంచినా ఇబ్బంది లేదు.

ఇప్పుడు మీ ఆయన మాటకొస్తాను, ఎందుకంటే ఆయన చెప్పేదాంట్లో ఒక నిజం ఉంది. పోస్టాఫీసు వడ్డీ పెరగదు, బాడుగ పెరుగుతుంది. పదేండ్లకు 18 వేలు మీ ఇంటికి చాలవు. కండ్ల ముందు కనపడే ఆస్తి ఉంటే ఆ మనిషికి నిబ్బరం, అది కూడా విలువే. దానికోసం హంద్రీ ఒడ్డుకు పోవాల్సిన పని లేదు. మీ మూడు సెంట్ల మీద పైన ఖాళీగానే ఉంది కదా. స్థలం ఖర్చు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. మా వీధిలో మొన్న కట్టినవాళ్లకు చదరపు అడుగు 1,900 పడింది. మీ దగ్గర మిగిలిన 6 లక్షలకు 300 అడుగులు వస్తాయి. ఒక గది, వంటిల్లు, బాత్రూము, బయటినుంచి మెట్లు. నెలకు 4 వేలు వచ్చినా, ఏడాదిలో 11 నెలలే వచ్చినా 44 వేలు. పెట్టిన డబ్బు మీద 7 శాతం దాటింది. అప్పు లేదు. ఆరు నెలలు ఖాళీగా ఉన్నా మీ పొయ్యి ఆరదు. అది మీ ఇల్లు ఓర్చుకోగల కష్టం.

కట్టేముందు ఒక ఇంజనీరును పిలిపించి కింద ఇల్లు పిల్లర్ల మీదుందా, రాతి గోడల మీదుందా చూపించండి. గోడల మీద కట్టి నాపబండలు పరిచిన పాత మిద్దె అయితే పైన ఇటుక కూడా పెట్టొద్దు. కార్పొరేషన్ ప్లాను లేకుండా మొదలుపెట్టొద్దు. మేస్త్రీ పని మీ ఆయన చూసుకోనీండి. డిపోలో చేసినాయన, కూర్చోబెడితే జబ్బు పడతాడు. మోటారు, పైపులు, వైరింగు ఆయన చేతిలో పని. బయట మనిషిని పిలిస్తే పోయే డబ్బు మీకు మిగులుతుంది.

ఇదంతా చెప్పినా ఆయన ఆ బిల్డింగే కావాలంటే గొడవ పడొద్దు చెల్లీ. ఇప్పుడింకా జీతం వస్తున్నది కదా. ఈ నెల నుంచే బిల్డింగ్ కొన్నట్టు బతికి చూడమనండి. ఒకటో తేదీ జీతం పడగానే 500 ఇంటికుంచి, తక్కినదంతా ఆయన చేతనే వేరే ఖాతాలో వేయించండి. సరుకులకు, మందులకు, గ్యాసుకు కావాల్సినప్పుడల్లా కొడుక్కు ఆయన్నే ఫోన్ చేసి అడగమనండి. రెండు నెలలు. డబ్బు ఎక్కడికీ పోదు, ఖాతాలోనే ఉంటుంది. అడగడం ఎట్లుంటుందో ఆయనకు తెలుస్తుంది. ఆ రెండు నెలలు కూడా ఆయన సంతోషంగా అన్నం తింటే, నాకు మళ్లీ ఉత్తరం రాయండి, అప్పుడు వరద రాని వీధిలో రెండు పోర్షన్ల ఇల్లు గురించి మాట్లాడుకుందాం.

కొడుకుతో కూడా నేరుగా మాట్లాడండి, బాబాయి ద్వారా కాదు. అతని పేరు మీద 25 లక్షలు లోనుంటే రేపు బెంగుళూరులో తానొక ఇల్లు కొనుక్కోవాలన్నప్పుడు బ్యాంకు ఆ కంతు తీసేసే లెక్క కడుతుంది. పెండ్లి కావాల్సిన పిల్లాడు. "సరే అమ్మా" అని ఫోన్లో అంటాడు. ఎదురుగా కూర్చోబెట్టి అడగండి.

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం. మా పై పోర్షను మూడేండ్ల కింద 5 లక్షలు తీసుకొని లీజుకిచ్చినాం, బాడుగ లేకుండా. ఆ డబ్బు తమ్ముడి చదువుకు ఖర్చయింది. ఇప్పుడు వాళ్లు జూన్‌లో ఖాళీ చేస్తామంటున్నారు. మా దగ్గర లక్షన్నర ఉంది. కొత్తగా వచ్చేవాళ్లు నాలుగున్నర లక్షలు లీజుకు ఇస్తామంటున్నారు. బాడుగకిస్తే 7 వేలు వస్తుంది. లీజు మంచిదా, బాడుగ మంచిదా?

– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: బాబూ, లీజు డబ్బు వచ్చినప్పుడు ఆదాయం లాగా కనపడుతుంది, అది అప్పు. వడ్డీకి బదులు ఇల్లు ఇచ్చినారు, అంతే. మీకిప్పుడు ఎంచుకునే వీలు లేదు, ఈసారికి లీజుకే ఇయ్యండి. కొత్తవాళ్ల నాలుగున్నర, మీ దగ్గరి యాభై వేలు కలిపి పాతవాళ్లకు పూర్తిగా ఇచ్చేయండి. ఇంకో రెండు నెలలు ఆగమని మాత్రం వాళ్లను అడగొద్దు. ఆ డబ్బు తీసుకపోయి వాళ్లు ఇంకో ఇంటి ఓనరుకు కట్టాలి.

మిగిలిన లక్ష ముట్టుకోకుండా, ఈ జూన్ నుంచే నెలకు 7 వేలు రికరింగ్ డిపాజిట్ కట్టండి, ఆ పోర్షనులో మీరే బాడుగకున్నట్టు అనుకొని. మూడేండ్లకు అసలే 2,52,000 అవుతుంది. లక్షతో కలిపి మూడున్నర. అప్పుడు వీళ్లు పోతే తక్కువ పడేది లక్ష లోపే, వడ్డీ కూడా కలిస్తే ఇంకా తగ్గుతుంది. దాన్నుంచి బయటపడి బాడుగకిచ్చుకోవచ్చు. 7 వేలు కట్టలేమంటే 4 వేలన్నా కట్టండి.

ఏడాది దాటిన లీజు పత్రం రిజిస్టరు చేయించాల్సిందే, ఖర్చు చూసుకొని తెల్ల కాగితం మీద రాసుకోవద్దు. డబ్బు నోట్లలో తీసుకోవద్దు, ఖాతాలోకే రావాలి. కొత్తవాళ్ల డబ్బు జమ అయినట్టు మెసేజి చూసుకున్నాకే పాతవాళ్లకు చెక్కు రాయండి. పాతవాళ్ల తాళంచెవి, మీ చెక్కు ఒకే రోజు, ఒకే బల్ల మీద చేతులు మారాలి. గోడలకు మేకులున్నాయని, ట్యాపు కారుతుందని అప్పటికప్పుడు ఐదు వేలు, పది వేలు కోత పెట్టొద్దు. ఆ సంగతులుంటే నెల ముందే ఇద్దరూ కలిసి ఇల్లంతా తిరిగి చూసి రాసుకోండి.